బాలశౌరి మేస్త్రీ పూడ్చేసిన కన్ను

నేను ఒక ఎర్ర గాజు ముక్కను, రేగుపండంత ఉంటాను. ఆ రోజు దేవుని ఇంట్లో ఉన్నది నలుగురే: ఊరి చర్చి బాధ్యత చూసే విచారణ గురువు ఫాదర్ రాయప్ప, బొమ్మలు గీసే సిస్టర్ ఆగ్నేసు, బాలశౌరి మేస్త్రీ, నేల కడుగుతున్న లూర్దమ్మ. గోడలో ఉన్న నన్నెవరూ లెక్కపెట్టలేదు.

నేను పుట్టింది పట్నంలో, గాజు పలక మీద పడ్డ సుత్తి దెబ్బకి. పాత పేపర్లో చుట్టుకుని, సిస్టర్ ఒళ్లో కూర్చుని ఆర్టీసీ బస్సులో వచ్చాను. కొత్త గుడి చూసి కళ్లు తిరిగాయి. ఒక్క స్తంభమూ లేదు! బోర్లించిన పడవలా ఒకటే కప్పు. పీఠం వెనక గోడంతా రంగు గాజుల చేప. నీలం ముక్కలు, పచ్చ ముక్కలు వందలున్నాయి. కన్ను మాత్రం నేనొక్కదాన్నే! మేస్త్రీ భోజనానికెళ్లినప్పుడు సిస్టర్ స్వయంగా నన్ను అమర్చారు. ఆ గర్వంతో మూడు రోజులు పక్కవాళ్లతో మాట్లాడలేదు.

గోడలో గుంట కనిపిస్తే మేస్త్రీ చెయ్యి ఊరుకోదు. గాజులకి అడ్డంగా బయట కట్టిన టార్పాలిన్ పట్టా ఇంకా విప్పలేదు. నాలుగో రోజు మధ్యాహ్నం, వెలుగు లేక నల్లగా ఉన్న నన్ను చూసి గుంట అనుకున్నాడు. తాపీతో కాస్త సిమెంటు, పైన నున్నగా ఒక రుద్దు. అంతే, చీకటి!

తెల్లవారితే గుడి ప్రతిష్ఠ. సాయంత్రం తలుపు మూశాక, బిషప్ గారొచ్చి తెరిచేదాకా లోపలికి ఎవరూ రాకూడదు. అప్పటికి సిమెంటు రాయైపోతుంది. ఊరంతా గుడ్డి చేపను చూస్తుంది!

పట్టా విప్పగానే చేపంతా భగ్గున వెలిగింది, నేను తప్ప.

"మేస్త్రీ, కన్నేది?" సిస్టర్ కేక.

"గుంటుంటే పూడ్చానండీ."

"అది గుంట కాదయ్యా, చేప కన్ను!"

మేస్త్రీ తల గోక్కున్నాడు. "కళ్లు మూసుకుని ప్రార్థన చేసుకుంటందనుకోండి సిస్టర్."

"చేపలకి రెప్పలుంటాయా బావా? వారం వారం కూరకి చేపలు తోముతున్నా, నాకు తెలవదా!" అంది లూర్దమ్మ.

"తొందరగా, తలుపు మూయాలి," అన్నారు ఫాదర్.

మేస్త్రీ నిచ్చెనెక్కి తాపీ పిడితో చేప తలంతా తట్టాడు. టక్, టక్. ఇటు, ఇటు అని అరుద్దామంటే మనుషులకి వినపడే నోరు నాకేదీ? టంగ్! మోగింది నేనే. గోటితో గీకాడు, తడిగుడ్డతో తుడిచాడు. ఒక్కసారిగా పడమటి ఎండంతా నాలోంచి దూకింది.

ఫాదర్ తన తెల్లంగీ మీద ఎర్ర చుక్క చూసి గబగబా రుద్దుకున్నారు. "అయ్యో, ఇప్పుడే ఉతికించా!"

"రుద్దమాకండి ఫాదర్," లూర్దమ్మ పొట్ట పట్టుకుని నవ్వింది. "చేప మిమ్మల్నే చూస్తంది!"

నిజమే, చూస్తున్నాను! పడవ కప్పును, పీఠాన్ని, సిస్టర్ తడి కళ్లను, మేస్త్రీ సిగ్గును. ఒక్కొక్కరే గడప దాటారు. చివరగా ఫాదర్ నాకేసి చెయ్యి ఊపి, "రేపు ఊరంతా వస్తుంది, అప్పుడు చూద్దువుగాని," అని నా మొహం మీదే ధడాలున తలుపు మూసేశారు.