కార్లో సారు

రవిచంద్ర తన గురించి తానే రాసుకున్న పరిచయం చదివేసరికి వర్షిణికి ఒళ్లు మండిపోయింది. "రెంటచింతల ఎండల్లో క్వారీ కూలీల మధ్య కూర్చుని, ప్రతి గొంతునూ స్వయంగా రికార్డు చేసిన పరిశోధకుడు" అట! పక్కనే ఫొటో: చేతిలో సుత్తి, మొహాన చిరునవ్వు. కూలీల గొంతుల ఆర్కైవ్ త్వరలో ప్రారంభించబోయే ఆన్‌లైన్ ఎగ్జిబిషన్‌లో పరిశోధకుల పేజీ తెరిస్తే ముందు కనిపించేది ఆ మొహమే. వర్షిణి పేరు ఎక్కడుందయ్యా అంటే అట్టడుగున, "సాంకేతిక సహాయం" అని.

రేడియోలో ఎడిటింగ్ నేర్చుకుని, చరిత్రలో ఎమ్మే చేసి, వేసవంతా ఆ రాళ్ల మీద కూర్చుని రికార్డు చేసింది వర్షిణి. రేపు మరో ఆర్కైవ్‌లో ఉద్యోగం అడగాలంటే చూపించుకోవడానికి ఆమెకున్నది ఆ పనొక్కటే. దాన్నీ ఆ పెద్దమనిషి జేబులో వేసుకున్నాడు.

"సార్, రికార్డింగ్ చేసింది నేను కదా," అని అడగనే అడిగింది.

"ప్రాజెక్టు నాది కదమ్మా," అన్నాడు రవిచంద్ర, ఫోన్‌లోంచి తలెత్తకుండా. "ఇంకో మాట. ఆడియోలో నీ గొంతు ఎక్కడా వినపడకూడదు. ప్రశ్నలన్నీ తీసెయ్. కూలీల మాట మాత్రం ఒక్కటి కూడా పోకూడదు. మన ఆర్కైవ్ గొప్పతనమే అది."

వర్షిణికి ఏడుపు రాలేదు, కసి వచ్చింది. చెప్పింది చెప్పినట్టే చేసింది. తన గొంతు మొత్తం తీసేసింది. రాళ్లు కొట్టే నాగులమ్మ దగ్గు కూడా వదలకుండా ఉంచింది. "ఒకసారి వినండి సార్" అని పంపితే, "బ్రహ్మాండం" అని క్షణంలో జవాబొచ్చింది. విన్నవాడైతే ఆ మాట అనడు.

నరసరావుపేటలో ఎగ్జిబిషన్ ప్రారంభోత్సవం నాడు హాలు నిండా లెక్చరర్లే. నాగులమ్మను వర్షిణి పనిగట్టుకుని రప్పించి ముందు వరసలో కూర్చోబెట్టింది. తెర మీద సుత్తి ఫొటో వెలుగుతుంటే, రవిచంద్ర తన చేత్తోనే నాగులమ్మ రికార్డింగ్ మీద నొక్కాడు.

"ఏమే వర్షిణీ, కాసిని నీళ్లన్నా తాగవే. పొద్దుటి నించీ ఈ రాళ్ల మీదే కూకున్నావు. ఆ కార్లో సారు దిగడా ఏంది? అద్దాలెక్కించుకుని నిద్దర పోతన్నాడు. ఇందాక ఫొటో అని వచ్చి నా సుత్తి తిరగేసి పట్టుకున్నాడు, చూశావా?"

అందరూ తెర వంక చూశారు. సుత్తి తిరగేసే ఉంది. హాలంతా గొల్లుమంది.

రవిచంద్ర గబగబా ఆడియో ఆపేసి, వర్షిణి దగ్గరికొచ్చి పళ్లు కొరికాడు. "ఇదెందుకు తీయలేదు?"

"నా గొంతు తీసెయ్యమన్నారు, తీసేశాను సార్. ఆమె మాట పోకూడదన్నారు, ఉంచాను." ఆ మాట అంటుంటే వర్షిణికి కడుపు నిండినట్టయింది.

వెనక నుంచి ఎవరో పెద్దాయన అడిగాడు. "వర్షిణి అంటే ఎవరమ్మా?"

రవిచంద్ర నోరు తెరిచేలోపే నాగులమ్మ లేచింది. "ఇదిగోనయ్యా, ఈ పిల్లే. మా కాడికొచ్చింది ఈ పిల్లొక్కతే."

వర్షిణి చెయ్యెత్తింది. ఎత్తిన చెయ్యి దించకుండా, రవిచంద్ర తల దించుకునేదాకా అతని వంకే చూస్తూ నిలబడింది.