బటాణీ మారిపోయాడా?

మెట్ల మీద జారి మడమ ఎముక చిట్లకపోతే, గడియారాలక్క తన కుక్కను చెల్లెలి చేతికిచ్చి ఆస్పత్రికి పంపేదే కాదు. వీధి మొదట్లో గడియారాలు బాగుచేసే చిన్న కొట్టు ఆమెది, అందుకే ఆ పేరు. కుక్క పేరు బటాణీ. పిల్లికన్నా కాస్త పెద్దగా ఉంటాడు, అంతే. రెండేళ్లుగా వాడి చెవులు రెండూ చీము కారుతున్నాయి. ఏ మందుకూ తగ్గకపోయేసరికి పెద్ద ఆపరేషన్ తప్ప దారి లేదన్నాడు డాక్టరు. అక్క కాలికి కట్టు. కాబట్టి చెల్లెలే తీసుకెళ్లింది, సంతకాలు పెట్టింది. రోజూ ఫోన్ చేసి, బాగానే ఉన్నాడని ముక్తసరిగా చెప్పి పెట్టేసేది.

ఎనిమిదో రోజు తువ్వాల్లో చుట్టి తెచ్చి అక్క ఒళ్లో పెట్టింది.

తలంతా నున్నగా గొరిగేశారు. చెవుల కింద రెండువైపులా నల్లటి కుట్లు. ఎడమ పెదవి జారి వేలాడుతోంది. ఎడమ కంటికి రెప్ప పడటం లేదు. వాచిపోయిన ఆ మొహంలో ఎంత వెతికినా బటాణీ పోలికలు దొరకలేదు. అక్క పేరు పెట్టి పిలిచింది. తల తిప్పలేదు. ఇంకోసారి గట్టిగా పిలిచింది. ఆ కుక్క గోడకేసి చూస్తూనే ఉంది.

నొప్పి మందుల మత్తు ఇంకా పూర్తిగా దిగలేదేమో అంది చెల్లెలు. మామూలుగా వస్తే గంటకు తక్కువ కూర్చోని మనిషి, ఆ రోజు టీ కూడా వద్దని చెప్పులేసుకుంది.

అక్కడే అక్కకు అనుమానం పుట్టింది. బటాణీ ఆపరేషన్‌లోనే పోయాడేమో, తను తట్టుకోలేదని అలాంటిదాన్నే ఇంకొకదాన్ని తెచ్చి అంటగట్టారేమో అనుకుంది. గడియారం లోపలి సామాను మార్చేశావని ఆమెతో గొడవపడే బేరగాళ్లు నెలకొకరైనా ఉంటారు. వాళ్లను గుమ్మం నుంచే పంపేస్తుంది. ఇప్పుడు తనే కంటికి భూతద్దం బిగించుకుని కుక్కను తలనుంచి తోకదాకా గాలించింది. వెనక కాలికి రెండు తెల్ల గోళ్లు కనిపించాయి. ఇవి మొదటినుంచీ ఉన్నవేనా? ఎవరి గడియారం మీద ఎక్కడ గీత ఉందో ఏళ్ల తర్వాత కూడా చెప్పగలదు. ఆరేళ్లు తన పక్కలో పడుకున్న కుక్క గోళ్ల రంగు మాత్రం ఆమెకు తెలియదు. సిగ్గేసింది. అయినా అనుమానం తగ్గలేదు.

మర్నాడు చెల్లెలికి ఫోన్ చేసి, ఆస్పత్రిలో ఇలాంటి చిన్న కుక్క ఇంకోటి ఉందా అని అడిగింది. ఎందుకడుగుతున్నావంది చెల్లెలు. ఊరికే అంది అక్క. ఇది పాలు తాగుతోందిలే అని కూడా చెప్పింది.

"అదేంటక్కా, వాణ్ణి పట్టుకుని ఇది అంటున్నావు?"

అక్క ఫోన్ పెట్టేసింది.

ఆ మధ్యాహ్నం కొట్లోంచి అలారం గడియారం తెచ్చి, నిద్రపోతున్న కుక్క తల వెనక మోగించింది. గది మారుమోగింది. బటాణీ అయితే ఆ మోతకు ఎగిరిపడేవాడు. కుక్క కదల్లేదు.

కుట్లు విప్పే రోజున చెల్లెలికి చెప్పకుండా, కుక్కను తీసుకుని చంకకర్ర ఊతంతో తనే టాక్సీ ఎక్కింది. డాక్టరు కుట్లు విప్పి చేతులు కడుక్కునేదాకా ఆగి, సూటిగానే అడిగింది.

"ఇది నా కుక్కేనా?"

డాక్టరు కోపగించుకోలేదు. కంప్యూటర్లో ఫొటోలు వరసగా చూపించాడు. చెల్లెలి చేతుల్లో బటాణీ. సగం గొరిగిన బటాణీ. కుట్లు వేశాక బటాణీ. నాలుగో ఫొటోలో చెల్లెలు బోను పక్కన కుర్చీలోనే నిద్రపోయి ఉంది. ఊచల మధ్యనుంచి పెట్టిన ఆమె చెయ్యి కుక్క కాలు పట్టుకునే ఉంది.

"మరి పిలిస్తే పలకడేం?"

చెవి లోపలి గొట్టాలు పూర్తిగా తీసేశామని, ఇక వినికిడి ఉండదని, మొహం నరం దెబ్బతిన్నది కాబట్టి పెదవి కుదుటపడటానికి నెలలు పట్టొచ్చని డాక్టరు చెప్పాడు. ఇవన్నీ మీ చెల్లెలికి ముందే చెప్పాం, చెప్పలేదా అన్నాడు. ఆమె సంతకం చేసిన కాగితం చూపించాడు. చీము లోపలిదాకా పాకింది, ఇంకో నెల ఆగితే వాడు దక్కేవాడు కాదన్నాడు.

అక్క టాక్సీని నేరుగా చెల్లెలింటికి పోనిచ్చింది. గుమ్మంలో చంకకర్రనూ కుక్కనూ చూడగానే చెల్లెలికి అంతా అర్థమైంది.

"చెవులు పోతాయని నాకెందుకు చెప్పలేదే?"

"చెబితే ఒప్పుకునేదానివా?"

"ఒప్పుకునేదాన్ని కాదు" అంది అక్క.

చెల్లెలు ఏడ్చింది. అక్క ఓదార్చలేదు. ఆ కోపం తగ్గడానికి ఇంకో వారం పట్టింది. కానీ ఆ పూట అక్కడే భోంచేసింది. రెప్ప పడని కంట్లో రోజుకు నాలుగుసార్లు చుక్కలు వెయ్యాలంటే కుక్కను ఒకరు పట్టుకోవాలి, ఇంకొకరు వెయ్యాలి. అందుకని చెల్లెలు రోజూ రావాల్సి వచ్చింది.

బటాణీ తలమీద బొచ్చు మళ్లీ వచ్చింది, మునుపటికన్నా కాస్త తెల్లగా. పెదవి ఇంకా కొంచెం వంకరే. అక్క ఇప్పుడు వాణ్ణి పిలవాలంటే అరచేత్తో నేలమీద రెండుసార్లు కొడుతుంది. ఆ అదురుకు వాడు లేచి వస్తాడు. రెండేళ్ల తర్వాత మొదటిసారి, చెవులు గోక్కోకుండా తెల్లారేదాకా నిద్రపోతున్నాడు.