పాత ఫోన్‌కు వెళ్లిన కబురు

గొళ్లెం ఊడి ఎగిరిపడింది. సుత్తి పట్టుకుని బావ లోపలికి వచ్చాడు. అక్క ఆ మొగుడి దగ్గర్నుంచి కట్టుబట్టలతో పారిపోయి వచ్చి ఈ అద్దెగదిలో తలదాచుకుందని తమ్ముడికి తప్ప నరమానవుడికి తెలియదు. అయినా వచ్చాడు.

తమ్ముడు అడ్డం వెళ్లాడు. కంప్యూటర్ ముందు కూర్చుని కనిపించని దొంగలను ఆపే ఉద్యోగం అతనిది. ఎదురుగా ఉన్న మనిషిని ఆపడం అతనికి చేతకాదు. సుత్తి భుజం మీద పడింది. ఎముక విరిగిన చప్పుడు అతనికే వినిపించింది.

"ఎవరు చెప్పారు నీకు?" అన్నాడు నేలమీద మూలుగుతూ.

"నువ్వే బామ్మర్దీ!" బావ జేబులోంచి, అక్క ఇంట్లో వదిలేసి వచ్చిన పాత ఫోన్ తీసి అతని మొహం ముందు ఆడించాడు. 'మీ మెయిల్ కొత్త చోట తెరిచారు' అని ఉంది. కింద ఈ వీధి పేరు.

ఆ మెయిల్ నడిపే కంపెనీలో ఆ వాక్యం రాసింది తమ్ముడే. కొత్త చోట తెరిస్తే పాత ఫోన్‌కు కబురు వెళ్లాలని పట్టుబట్టిందీ అతనే. ఆఫీసంతా చప్పట్లు కొట్టింది. పెట్టుకున్న ఉద్యోగానికి జవాబొచ్చిందేమో చూసుకోమని ఈ పొద్దున అక్క చేత మెయిల్ తెరిపించిందీ ఈ మహానుభావుడే. దొంగ ఎక్కడో సముద్రాల అవతల ఉంటాడనుకున్నాడు. పక్కలో పడుకునేవాడు కావచ్చని తట్టలేదు. ఒక్క ఆడమనిషినైనా అడిగాడా? అంత తీరిక ఎక్కడిది!

"నడవ్వే ఇంటికి!" బావ అక్క జుట్టు పట్టి ఆమె తలను పొయ్యిగట్టుకేసి కొట్టాడు. కనుబొమ చిట్లింది. ఆమె చేతికందిన పెనం తీసి, బలమంతా కూడగట్టి అతని మూతిమీద మోదింది. ముక్కు పగిలి నెత్తురు చిమ్మింది. అతను సుత్తితో ఆమె మణికట్టు విరగ్గొట్టాడు. పక్కగదుల వాళ్లు అరుచుకుంటూ వచ్చేసరికి, వాళ్లను తోసుకుని మెట్లు దిగి పారిపోయాడు.

అక్క ఎడమచేత్తో తన కొత్త ఫోన్ తమ్ముడి ముందు పెట్టింది.

"ముందు ఆ పాత ఫోన్ పీకెయ్ నా మెయిల్ నుంచి. రేపు నేనెక్కడికెళ్లినా వాడికి చెప్పేస్తుంది."

అతను ఒంటిచేత్తో గబగబా ఏవో నొక్కి, ఆగిపోయాడు.

"ఏమైందిరా?"

"తీసెయ్యాలంటే కోడ్ కావాలక్కా."

"ఎక్కడికొస్తుంది అది?"

"పాత ఫోన్‌కే," అని భోరుమన్నాడు.

అక్క ఓదార్చలేదు. ఆమెకు తమ్ముడి మీద జాలి కలగలేదు, ఒళ్లు మండింది.

"చప్పట్లు కొట్టారన్నావే, వాళ్లందర్నీ ఇక్కడికి రమ్మను," అంది. "నెత్తురు కడిగాక కాదు. ఇప్పుడే."