మూడో పెట్టెలో తొంభై ఆరు

నెలలు నిండని పిల్లల గదిలో పనిచేసే పెద్ద సిస్టర్‌కి అనుమానం పుట్టుకతో వచ్చిన గుణం. గోడ గడియారాన్ని కూడా తన చేతి వాచీని అడిగిగానీ నమ్మదు. ఇరవై ఏళ్లుగా ఆ అనుమానమే ఎందరో పసివాళ్లను గట్టెక్కించింది కాబట్టి ఎవరూ నోరెత్తేవారు కాదు.

వెచ్చటి గాజు పెట్టెల్లో మూడోదానిలోని మగపిల్లవాడు నెలన్నర ముందే పుట్టాడు. తల్లికి షుగరు. కడుపులో ఉండగా ఆమె చక్కెరంతా అరిగించుకోవడానికి అలవాటుపడ్డ వాడి ఒళ్లు, బయటికి వచ్చాక ఉన్న కాస్తా ఊడ్చేస్తుంది. రక్తంలో చక్కెర నలభై ఐదు కంటే తగ్గితే మెదడుకే ముప్పు. అందుకే పాలు పట్టే ముందల్లా మడమ మీద సూదితో గుచ్చి చుక్క రక్తం చూస్తారు. పొద్దున నలభై ఆరు, తర్వాత నలభై ఎనిమిది. మధ్యాహ్నం మిషను తొంభై ఆరు చూపించింది.

సిస్టర్ కళ్లు చిట్లించింది. పెట్టె పక్కనే అమ్మమ్మ కూర్చుని ఉంది. ఇంకేం, దొంగ దొరికినట్టే. ఎవరూ చూడకుండా ఈవిడే వాడి నాలుకకు తీపి ఏదో రాసి ఉంటుందని సిస్టర్ ఖాయం చేసుకుంది. చేతిసంచీ తెరిపించింది, రుమాలు వాసన చూసింది, ఏం నాకించారో చెప్పమని గుచ్చి గుచ్చి అడిగింది. ఏమీ దొరకలేదు. దొరకనందుకు అనుమానం ఇంకా ముదిరింది. డాక్టరుకు ఈ అంకె చెబితే నరంలోకి ఎక్కుతున్న గ్లూకోజు తగ్గించమంటాడు. చెప్పడానికి ఫోను చేతిలోకి తీసుకుంది కూడా.

అమ్మమ్మ కోపం తెచ్చుకోలేదు. మనవడినే చూస్తోంది.

"పొద్దున సూది గుచ్చితే కెవ్వుమన్నాడమ్మా. ఇప్పుడు మూలగనైనా లేదు. బాగుంటే ఏడవడా?"

సిస్టర్ ఫోను పెట్టేసి పిల్లవాడి కాలు ఎత్తి చూసింది. తోటకూర కాడలా వేలాడింది.

నొప్పి తెలియకుండా, సూదికి ముందు నాలుక మీద రెండు చుక్కల చక్కెర నీళ్లు వేయడం ఆ గదిలో పద్ధతి. వేసింది తనే. ఆ తీపి తడి అంటిన గ్లౌజుతోనే మడమ పిండిందీ తనే. ఇన్నేళ్లలో ఆవిడ అనుమానించనిది ఒక్క తన చేతినే.

గ్లౌజు పీకేసి, చేతులు కడిగి, రెండో మడమ శుభ్రంగా తుడిచి గుచ్చింది. ఇరవై తొమ్మిది.

డాక్టరు పరుగున వచ్చి నరంలోకి గ్లూకోజు డోసు ఇచ్చాడు. అరగంటకు యాభై రెండుకు చేరింది. వాడు గొంతు చించుకుని ఏడుస్తుంటే సిస్టర్ కళ్లు ఒత్తుకుంది. తప్పు తనదేనని చార్టులో రాసింది. ఆ తర్వాత అమ్మమ్మ దగ్గరికి వెళ్లి, చక్కెర తన చేతికే ఉందని, అన్యాయంగా ఆవిడ సంచీ వెతికానని తలొంచుకుని చెప్పింది.

అమ్మమ్మ సంచీ పక్కన పెట్టింది.

"మళ్లీ ఎప్పుడు గుచ్చుతారు?"

"గంటలో."

"అప్పుడు నన్ను పిలువమ్మా. నువ్వు చేతులు కడుక్కోవడం నేను చూడాలి."