ర్యాంకర్ల సరస్వతీ సాగర యాత్ర

మనిషికి ఒక్కటే తలకాయ ఉంటుందని నమ్మేవాళ్ళు ఒకసారి అశోక్ నగర్ చౌరస్తాకు వచ్చి చూడాలి. గ్రూప్-2 ఫలితాలు వచ్చిన వారంలోనే జయశ్రీ తలకాయ అక్కడ నాలుగు కోచింగ్ సెంటర్ల ఫ్లెక్సీల మీద, నాలుగు వేరు వేరు మొండేలకు అతుక్కుని కనిపించింది. ఒకదాంట్లో పట్టుచీర, ఒకదాంట్లో నల్లకోటు. ఆమె జన్మలో కోటు తొడగలేదు. నాలుగు సెంటర్లూ "మా విద్యార్థిని" అని కొట్టొచ్చినట్టు కనబడే అక్షరాలతో రాసుకున్నాయి. ఆమె నిజంగా కూర్చుని చదివింది మాత్రం చిక్కడపల్లి సెంట్రల్ లైబ్రరీలో. లోపల జాగా దొరకని రోజు ఆవరణలోనే, హాస్టల్ నుంచి మోసుకొచ్చిన ప్లాస్టిక్ కుర్చీలో. ఆ లైబ్రరీ ఎక్కడా ఫ్లెక్సీ కట్టలేదు.

ఆ నాలుగు సెంటర్లలో గొంతు పెద్దది శిఖరాగ్ర స్టడీ సర్కిల్ వాళ్ళది. దాని యజమాని ఫణికిరణ్ ఒకప్పుడు ఇవే పరీక్షలు రాసి రాసి, ఒక్కటీ దాటలేక, చివరికి దాటడం ఎట్లాగో చెప్పే దుకాణం పెట్టాడు. ఈత రాక ఒడ్డుకు కొట్టుకొచ్చినవాడు ఈత నేర్పే బడి తెరిచినట్టు. ఆ బడికీ జయశ్రీకీ ఉన్న చుట్టరికం ఒకే ఒక్క ఆదివారం. ఉచితంగా పెట్టిన మోడల్ పరీక్ష ఒకటి రాసి, వాళ్ళిచ్చిన చల్లారిన సమోసా తిని వచ్చేసింది.

ఫలితాల తర్వాత ఫణికిరణ్ ఆమె హాస్టల్ ముందు కారు ఆపి మరీ పిలిచాడు.

"జయశ్రీ గారూ, మన ర్యాంకర్లందరికీ సన్మానం పెట్టినం. వియత్నాం. హనోయిల గుళ్ళు, హాలాంగ్ బేల సముద్రం మీద పడవ. సరస్వతీ సాగర యాత్ర అని పేరు పెట్టిన, ఎట్లుంది? ఇంట్ల ఒకరిని తీస్కరావచ్చు. కెమెరా ముంగట రెండు ముక్కలు మాట్లాడితే చాలు."

రెండు ముక్కలంటే ఏవో ఆమెకు తెలుసు. తెలిసే ఒప్పుకుంది. అమ్మ సముద్రం చూడలేదు కదా అని తనకు తాను చెప్పుకుంది. అమ్మేం ఖర్మ, తనూ చూడలేదు. చేర్యాల దగ్గర ఊళ్ళో పదో తరగతి దాటిన మొదటి మనిషి ఆ ఇంట్లో తనే. డిప్యూటీ తహసీల్దారు కొలువుకు ఆర్డరు ఇంకా చేతికి రాలేదు. కొలువులో చేరకముందే పరాయి సొమ్ము తినడం ఎలాగో ఈయన నేర్పుతున్నాడని విమానం ఎక్కాక తోచింది. అప్పటికి సీటు బెల్టు పెట్టుకుంది.

హనోయిలో మొదటి రోజు సరస్సు మధ్యలో ఉన్న ఒక గుడి, ఇంకో గుడి చూపించి, మూడోదిగా సాహిత్య దేవాలయమనే చోటికి తీసుకెళ్ళారు. లాన్ అనే గైడ్ అమ్మాయి నెమ్మదైన ఇంగ్లీషులో వివరించింది. వెనకటి రాజుల కాలంలో పెద్ద పరీక్షలు గట్టెక్కినవాళ్ళ పేర్లు రాతిపలకల మీద చెక్కి, ఆ పలకల్ని రాతి తాబేళ్ళ వీపుల మీద నిలబెట్టారట. ఇప్పటికీ పిల్లలు పరీక్షల ముందు ఇక్కడికొచ్చి దండం పెట్టుకుంటారట. జయశ్రీ అదంతా అమ్మ ఎల్లవ్వకు చెప్పింది.

ఎల్లవ్వ వరసగా ఉన్న తాబేళ్ళను ఆ కొస నుంచి ఈ కొస దాకా చూసింది. "వీళ్ళకు గూడ కోచింగులు ఉండెనా బిడ్డా?"

"గైడ్ చెప్పలేదమ్మా."

పాసైనవాళ్ళ పేర్లు ఉన్నాయని చెప్పింది గానీ, పాస్ చేయించింది మేమే అని ఎగబడ్డవాడి పేరు ఉందని ఆ అమ్మాయి చెప్పలేదు. ఆ లోటు తీర్చడానికే అన్నట్టు ఫణికిరణ్ వచ్చాడు. జరీ పంచె కట్టి, నుదుట అడ్డంగా కుంకుమ పెట్టి, సంచిలోంచి తన దగ్గర చదివే పిల్లల హాల్ టికెట్ల జిరాక్సుల కట్ట తీశాడు. దాంతోపాటు చిక్కడపల్లి నుంచి మోసుకొచ్చిన కొబ్బరికాయ. తాబేళ్ళ చుట్టూ కట్టిన కంచె మీద కట్ట ఆనించి, కాయను మెట్టుకు కొట్టబోయాడు. కాపలా మనిషి ఈల వేసుకుంటూ పరిగెత్తుకొచ్చాడు.

"నో బ్రేక్ సార్, ప్లీజ్," అని లాన్ రెండు చేతులూ అడ్డం పెట్టింది.

"వన్ కోకోనట్ ఓన్లీ అమ్మా! గాడెస్ సరస్వతి!"

"సార్, దిస్ ఈజ్ కన్ఫ్యూషియస్."

"ఆ, సేమ్ డిపార్ట్‌మెంట్," అన్నాడు ఫణికిరణ్. పగలని కాయను తీసుకెళ్ళి ఉదయ్ కుమార్ చేతిలో పెట్టాడు. ఉదయ్ కుమార్ జగిత్యాల వైపు కుర్రాడు, ర్యాంకరు. ఇప్పటికే మూడు సెంటర్లకు మూడు వీడియోల్లో "మీరే నా గురువులు" అని చెప్పిన అనుభవం ఉంది. కాయను ప్రసాదంలా రెండు చేతులా పట్టుకుని నిలబడ్డాడు. ఎవరు ఏది చేతిలో పెడితే అది అట్లా పట్టుకునే రకం. ఇట్లాంటివాడు రేపు ఏ ఆఫీసులో కూర్చున్నా పై అధికారి చెప్పు ఇచ్చినా ఇట్లాగే పట్టుకుంటాడని జయశ్రీ అనుకుంది.

తర్వాత ఫోటోలు. ఆమెను తాబేలు ముందు నిలబెట్టి, చేతిలో హాల్ టికెట్ల కట్ట పెట్టి, "జర నవ్వాలె మేడమ్, ర్యాంకొచ్చింది గదా!" అన్నాడు కెమెరామన్ రాము. ఆమె నవ్వింది. నవ్వడం అలవాటైన పనే, పెళ్ళిళ్ళలో ఎంతమంది ఫోటోలకు నవ్వలేదు. సాయంత్రానికి ఆ నవ్వు శిఖరాగ్ర వాళ్ళ పేజీలో వచ్చేసింది. "సరస్వతీ క్షేత్రంలో మన జయశ్రీ. కొత్త బ్యాచ్ అడ్మిషన్లు జరుగుతున్నాయి."

హోటల్ గదిలో ఫోన్ అమ్మకు చూపించింది. "రేపు పడవ మీద 'శిఖరాగ్ర లేకుంటే నేను లేను' అని చెప్పాల్నట. నేను చెప్ప."

ఎల్లవ్వ మంచం అంచున కూర్చుని కాళ్ళు ఒత్తుకుంటోంది. "మరి ఎందుకొచ్చినవ్?"

"నీకు సముద్రం చూపెడ్దామని."

"నేనడిగిన్నా? ఆయన బువ్వ తింటిమి, ఆయన గాలిమోటర్ ఎక్కితిమి. పెట్టినోని ఉప్పు తిని ఆయన్ని బద్నాం జేస్తే నలుగురు మన మొకం మీద ఉమ్మేస్తరు. చెప్పకపోతే రాకుంట ఉండాలె. వచ్చినంక ఏం నీతులు?"

జయశ్రీ ఫోన్ పక్కన పెట్టేసింది. అమ్మ మాటలో తప్పు పట్టే సందు లేదు. ఫణికిరణ్‌ని ఈసడించుకోవడం సులువు. ఆయన బువ్వ తిని, ఆయన టికెట్టు మీద వచ్చి ఈసడించుకుంటున్న తనని ఏమనుకోవాలో ఆ రాత్రి ఆమెకు పాలుపోలేదు.

మర్నాడు బస్సులో హాలాంగ్ చేరి పడవ ఎక్కారు. పచ్చటి నీళ్ళలోంచి రాతిగుట్టలు ఎక్కడికక్కడ నిలువునా లేచి ఉన్నాయి. ఎల్లవ్వ రెయిలింగు పట్టుకుని చూస్తూ నోరు మూసుకోవడం మరిచిపోయింది. "గింత నీళ్ళు పెట్టుకోని గుట్ట మీద ఒక్క మడి లేదేంది?" అంది. జయశ్రీకి నవ్వొచ్చింది. ఈ రెండు రోజుల్లో వచ్చిన నిజమైన నవ్వు అదొక్కటే. దాన్ని ఎవడూ ఫోటో తీయలేదు.

పై డెక్కు మీద రాము కెమెరా సిద్ధం చేశాడు. ముందు ఉదయ్ కుమార్ మాట్లాడాడు. గొంతు గద్గదం కూడా చేసుకున్నాడు. నాలుగో గురువుకు కూడా కన్నీళ్ళు మిగుల్చుకున్న మనిషి! తర్వాత జయశ్రీని గుట్టలు వెనక పడేట్టు నిలబెట్టారు. ఫణికిరణ్ కెమెరా పక్కనుంచి చెయ్యి ఊపాడు.

ఆమె లెన్సులోకి చూసి అంది. "నేను శిఖరాగ్రల ఒక్క మోడల్ టెస్ట్ రాసిన. అది గూడ ఫ్రీ. చదివింది చిక్కడపల్లి లైబ్రరీల. నా ర్యాంకు చూసి ఎవరూ వీళ్ళకు ఫీజు కట్టద్దు."

ఉదయ్ కుమార్ కళ్ళు పెద్దవయ్యాయి. ఫణికిరణ్ మాత్రం చప్పట్లు కొట్టాడు.

"ఏం సహజంగ మాట్లాడింది చూడు! రాము, 'నేను శిఖరాగ్రల టెస్ట్ రాసిన' అన్నంత వరకు పట్టు. నడుమ 'ఒక్క మోడల్' లేపెయ్. తర్వాత 'నా ర్యాంకు' అన్న ముక్క దెచ్చి అతికియ్యి. మిగిలినదానికి మ్యూజిక్ కొడ్దాం."

"అయితది సార్," అన్నాడు రాము.

"మీరేం పరేషాన్ గాకండి మేడమ్," అని ఫణికిరణ్ ఆమె భుజం తట్టబోయి, ఆమె జరగడంతో ఆ చెయ్యి తన జుట్టులోకే పోనిచ్చుకున్నాడు. "మీరు ఏం మాట్లాడినా మాకు పనికొస్తది."

అప్పుడు ఆమెకు పూర్తిగా అర్థమైంది. ఆయనకు ఆమె మాట అక్కర్లేదు, ఒప్పుకోలు అక్కర్లేదు. కోడిని కోసేవాడు కోడి ఏమంటుందో వినడు. మెట్లు దిగి పడవ వెనక భాగానికి వెళ్ళింది. తన ఫోన్ ఎదురుగా పట్టుకుని, వీడియో తీసుకుంటూ అదే మాట మళ్ళీ చెప్పింది. ఈసారి ఇంకో ముక్క కలిపింది: "నేను వీళ్ళ ఖర్చు మీద వచ్చిన, వీళ్ళ పడవ మీదనే నిలబడి చెప్తున్న. వచ్చుడు నా తప్పు. దానికి మీరు ఫీజు కట్టద్దు." లైబ్రరీలో చదివేవాళ్ళ వాట్సాప్ గ్రూపులో, తన పేజీలో పెట్టేసింది.

కింద భోజనాలు మొదలయ్యేసరికి ఫణికిరణ్‌కు అశోక్ నగర్ ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది. వింటూ వింటూ ఆయన ముఖంలో కుంకుమ తప్ప మిగతా రంగంతా పోయింది. వచ్చి వాళ్ళ బల్ల దగ్గర నిలబడ్డాడు.

"తిన్నింటి వాసాలు లెక్కపెట్టుడంటే ఇదే! అమ్మా, మీ బిడ్డకు గిదేనా నేర్పింది?"

ఎల్లవ్వ తలొంచుకుంది.

"అమ్మను అనకండి సార్. అనేదేదో నన్నే అనండి," అంది జయశ్రీ.

"నిన్ననుడేంది? నువ్వు పెద్ద హరిశ్చంద్రుని చెల్లెవు. పాస్‌పోర్ట్ ఇచ్చేటప్పుడు ఏడ వోయింది నీ నీతి? తాబేలు ముంగట పండ్లు బయటపెట్టి నవ్వినవ్ గదా? రేపు కొలువుల కూసున్నంక టేబుల్ కింద ఎన్ని కవర్లు వస్తయో, అప్పుడు జూస్త నిన్ను."

ఆ మాట తగలవలసిన చోటే తగిలింది. మొదటి కవరు మీదనే కదా తను కూర్చున్నది! ఫణికిరణ్ గెలిచినట్టు తన బల్లకు వెళ్ళి, ఉదయ్ కుమార్‌కు రొయ్యలు వడ్డించమన్నాడు. ఉదయ్ కుమార్ ప్లేటు ముందుకు జరిపాడు.

అప్పుడే జయశ్రీ ఫోన్‌లో సందేశం వచ్చింది. రాసింది కమలాకుమారి. లైబ్రరీలో జయశ్రీ వెనక వరసలో కూర్చుని, అర్థంకాని లెక్క వచ్చినప్పుడల్లా పెన్నుతో వీపు గీకే నాగర్‌కర్నూల్ పిల్ల. "అక్కా, నిన్న తాబేలు కాడ నీ ఫోటో చూసి ఇయ్యాల పొద్దుగాలనే శిఖరాగ్రల ఫీజు కట్టిన. నువ్వు ఆడ గూడ చదివినవేమో అనుకున్న. వాపస్ ఇస్తరా అక్కా?"

జయశ్రీ అది రెండుసార్లు చదివింది. ఎల్లవ్వ "ఏందది?" అంది. చదివి వినిపించింది.

ఎల్లవ్వ ప్లేటు పక్కకు నెట్టింది. "ఆయన ఉప్పు మనం తిన్నం. మాట పడ్డం, సరిపాయె. ఆ పిల్లేం తిన్నది?"

"ఏం తినలే."

"మరి దాని పైసలు ఆయనకెందుకు? లే, పోయి అడుగు. నేను గూడ వస్త."

ఇద్దరూ లేచి పెద్ద బల్ల దగ్గరికి నడిచారు. ర్యాంకర్లు, వాళ్ళ ఇళ్ళవాళ్ళు తినడం ఆపి చూశారు. జయశ్రీ ఫోన్ ఫణికిరణ్ ప్లేటు పక్కన పెట్టింది.

"సార్, గీ పిల్ల అడుగుతున్నది. ఏం చెప్పాలె?"

ఆయన కళ్ళతోనే చదివాడు. "ఆఫీసుకు రమ్మను. తర్వాత మాట్లాడదాం."

"ఆఫీసుల ఎవర్ని కలవాలె?"

"గవన్నీ గిప్పుడెందుకు? నలుగురు తింటున్నరు."

"నలుగురున్నప్పుడే చెప్పండి సార్. వాపస్ ఇస్తరా, ఇయ్యరా?"

ఎవరో గ్లాసు కింద పెట్టారు. ఉదయ్ కుమార్ రొయ్య తోక పట్టుకుని, దాన్ని నోట్లో పెట్టుకోవాలో ప్లేటులో పెట్టాలో తెలియక ఆగిపోయాడు. ఫణికిరణ్ చుట్టూ చూశాడు. రాము కూడా చూస్తున్నాడు. పని అలవాటు చొప్పున కెమెరా అతని భుజం మీదే ఉంది, దాని ఎర్రదీపం వెలుగుతోంది.

"ఇస్తం, రాసుకో పో," అన్నాడు ఫణికిరణ్, బిచ్చగాడి బొచ్చెలో చిల్లర విసిరినట్టు.

"రాసుకునుడు కాదు సార్. మీరే ఆఫీసుకు ఫోన్ చేసి చెప్పండి. స్పీకర్ పెట్టండి."

"ఏం, నా మాట మీద నమ్మకం లేదా?"

"లేదు," అంది జయశ్రీ.

ఆయన చేతులు తుడుచుకుని, నంబరు నొక్కాడు. అవతల రింగవుతోంది. ఎల్లవ్వ ఒక కుర్చీ లాక్కుని ఆయనకు ఎదురుగా కూర్చుంది.