భీముడి మోకాళ్ళలో నీళ్ళు

విత్తనానికి వేరుశెనక్కాయలు ఒలుస్తున్నాను. మిషన్లో వేస్తే పప్పు పగిలి మొలక రాదు కాబట్టి విత్తనానికి ఎప్పుడూ ఆడవాళ్ళ చేతులే కావాలి. వాన జాడ లేదు. అయినా విత్తనం మాత్రం సిద్ధంగా ఉండాలి. బొటనవేళ్ళ మీద చర్మం లేచిపోయి, కాయ నొక్కినప్పుడల్లా ప్రాణం జివ్వుమంటోంది. అప్పుడే మా ఆయన తిమ్మరాయప్ప పావగడ నుంచి వచ్చి, నా ముందున్న కాయల రాశి మీద రెండు పుస్తకాలు పడేశాడు. ఒకటి సన్నది, ఒకటి లావుది.

"ఏమే, అంగడాయన రెండూ ఇచ్చినాడు. ఒకటి పెట్టుకోని ఒకటి సంత నాటికి తిరిగీమన్నాడు. మరకలు పడకూడదంట. ఆడపిల్లోళ్ళకి సన్నది సాల్లే. గైడు. అన్నీ జవాబులే ఉండాయంట."

"మరి లావుది ఏంటికి తెచ్చినావు?"

"నీ కూతురు ప్రాణం తీసింది గదా, అసలు ఇతిహాసం పుస్తకమే కావాలని. సూపిచ్చి ఇచ్చేద్దాం."

ఇతిహాసమంటే మా కన్నడ బళ్ళలో చరిత్ర పాఠం. దాన్ని చూపించి ఇచ్చేయాలంట! చదువు కూడా సంతలో చీరలాగా మడత విప్పి చూసి మళ్ళీ పెట్టేయాల్సిందే కాబోలు.

మా అమ్మాయి హొన్నమ్మ, మా మరిది కూతురు నాగక్క తొమ్మిదో తరగతి దాకా బడికి పోయారు. ఇద్దరూ పెద్దమనుషులు కాగానే మాన్పించారు. హైస్కూలుకు బస్సెక్కి పోవాలి, బస్సులో మగపిల్లలుంటారు, కాబట్టి ఆడపిల్లలు ఇంట్లో ఉండాలి. ఆ మగపిల్లల్ని ఇంట్లో పెట్టమని ఎవరికీ తోచలేదు. ఇంట్లోనే చదివిస్తాను, పదోతరగతి ప్రైవేటుగా కట్టిస్తాను అని నేను అన్నం మానేసి కూర్చుంటే మా ఆయన ఒప్పుకున్నాడు. ఒప్పుకుంటూనే మెలిక పెట్టాడు. "ఒక్కసారే. అది తప్పిందంటే హొన్నమ్మను మా అక్క కొడుక్కిచ్చేస్తా. మళ్ళా నా నోరు తెరిపీయొద్దు." ఆ అక్క కొడుకు బోరు బండి మీద ఊరూరా తిరుగుతాడు, ఊరికొక సారా అంగడి తెలుసు. నా పిల్లకు పదిహేనేళ్ళు.

చెప్పేదెవరంటే నేనే. ఇంట్లో తెలుగే అయినా మాది కర్ణాటక, ఏడో తరగతి దాకా కన్నడ బడిలో చదివాను. పుస్తకం కన్నడలో చదివి, తెలుగులో అర్థం చెప్తాను. "సూడండప్పా, ఏడో క్లాసు పంతులమ్మ పదో క్లాసుకి పాఠం సెప్తాంది" అని మా ఆయన కూలివాళ్ళ ముందర నవ్వుతాడు. వాళ్ళూ నవ్వుతారు. నేను వాళ్ళకు మజ్జిగ పోసి మళ్ళీ వచ్చి పాఠం చెప్తాను. లెక్కలు పిల్లలే చేసుకుంటారు, కన్నడం నాకు వచ్చు. ఈ ఇతిహాసం ఒక్కటే కొరకరాని కొయ్య అయింది. ఈ రెండు పుస్తకాల్లో ఏది పెట్టుకోవాలో తేల్చడానికి సంత దాకే గడువు.

రెండింటికీ పేపరు అట్టలు వేసి, పొయ్యి దగ్గర కూర్చుని చదవడం మొదలుపెట్టాను. గైడులో ఒక్కో రాజుకు నాలుగు వరుసలు. పుట్టాడు, గెలిచాడు, కట్టించాడు, పోయాడు. బట్టీ పట్టడానికి చాలా వీలు. లావు పుస్తకంలో అదే రాజు తొందరపడకుండా వస్తాడు. ఆయన వెనక ఏనుగులు, చెరువులు, సంతలు, దండు నడిచిన దారులు. ఏ ఊళ్ళో ఏం పండేదో, ఏ వీధిలో ఏం అమ్మేవారో కూడా ఉంది. ఈ మనుషులంతా నిజంగా బతికారు కదా, మా కాళ్ళకింది నేలమీదే తిరిగారు కదా అనుకుంటూ పేజీలు తిప్పాను. నేను ఆ దండుతో పాటు నడుస్తూ ఉండగా పొయ్యి మీద రాగిముద్ద అడుగంటింది.

"మే! రాజులు ఏం తినిరో సదువుకుంటా మాకి మాడు పెడ్తావా?" అని మా అత్త ఓబమ్మ గుమ్మంలోంచి అరిచింది.

మాడిన ముద్ద మా అత్తకు పెట్టలేక నేనే తిన్నాను. కానీ ఆమె మాట నా బుర్రలో ఉండిపోయింది. నిజంగానే వెతికాను, రాజులు ఏం తిన్నారో. ఇన్ని వేలమంది దండు అని ఉంది. అంతమందికి దంచిందెవరు, వండిందెవరు? గైడులో లేదు. లావు పుస్తకంలోనూ లేదు. కాకపోతే లావుదాంట్లో పాఠం చివర ఒక ప్రశ్న ఉంది. మీ ఊరి దగ్గరున్న పాత కట్టడం చూసి రండి, అక్కడ ఎవరెవరు బతికి ఉంటారో, ఏమేం పనులు చేసి ఉంటారో ఆలోచించి రాయండి అని.

నాగక్క గైడు తిరగేసింది. "పెద్దమ్మా, దీనికి జవాబు ఈడ ఇచ్చిండ్లేదు. పరీక్షలో రాదంట."

నిజం చెప్పొద్దూ, నేనూ గైడు వైపే మొగ్గాను. నాకు భయం. బట్టీ పడితే గట్టెక్కుతారు, ఆ బోరు బండి నా గడప తొక్కదు. ఇంక లావుది సంచిలో పెట్టేద్దాం అనుకున్నాను.

ఆ వారంలోనే ఊరి ఆడవాళ్ళమంతా నిడుగల్లు కొండెక్కాం. వానలు మొండికేసినప్పుడు మా ఊళ్ళో అదొక ఆచారం. కొండమీద పాత కోటలో, పెద్ద బండ మీద గుండ్రటి గుంటలు ఉన్నాయి. భీముడు దప్పికతో మోకాళ్ళూని నీళ్ళు తాగినప్పుడు పడిన గుంటలని అందరూ అంటారు. పక్కనున్న రాతి దొణలో నీళ్ళు ముంచి ఆ గుంటలు నింపితే భీముడి దప్పిక తీరి వాన వస్తుందని నమ్మకం. మగవాళ్ళు రారు. వాన తెప్పించే పని కూడా మాదే మరి! పెళ్ళయిన కొత్తలో ఓబమ్మ కోడలుగా ఎక్కాను, తర్వాత హొన్నమ్మ వాళ్ళమ్మగా ఎక్కాను. ఎప్పుడూ నిలబడి పైనుంచి నీళ్ళు పోసి, కుంకుమ చల్లి, దణ్ణం పెట్టి దిగిరావడమే. దేవుడి గుంటలు కాబట్టి చెయ్యి పెట్టకూడదు.

నేను బిందె వంచబోతుంటే హొన్నమ్మ అడిగింది.

"అమ్మా, భీమునికి ఉండేవి రెండు మోకాళ్ళే గదా? ఈడ ఇన్ని గుంటలేంది?"

ఆడవాళ్ళంతా పకపకా నవ్వారు. "నోరు ముయ్యే, దేవుని కాడ ఎకసెక్కాలా!" అని మా అత్త కసిరింది. నేనూ నవ్వాను. నవ్వి, బిందె పక్కన పెట్టి, చెయ్యి పెట్టకూడదన్నది మరిచి, గుంటలో పేరుకున్న ఆకులు తీద్దామని వంగాను. చెయ్యి లోపలికి పోయింది. మోచేతి దాకా పోయింది. ఆకుల కింద నా వేళ్ళకు అడుగు తగిలింది. గిన్నె అడుగులా నున్నగా, గుండ్రంగా ఉంది. పైకి వచ్చేకొద్దీ గోడ వెడల్పయింది. ఒక పక్క అంచు పలచబడి వాలింది, గింజ ఎగిరిపోకుండా చేత్తో లోపలికి తోసే పక్క. ఈ వాలు నాకు తెలుసు. ఇరవై ఏళ్ళుగా పొద్దున లేచి నేను చెయ్యి పెట్టేది ఇలాంటి గుంటలోనే. ఇది రోలు. ఓరి దేవుడా, ఇవన్నీ రోళ్ళే!

లేచి చూశాను. బండ మీద వరుసగా, మనిషికీ మనిషికీ రోకలి ఎత్తేంత చోటు వదిలి, ఎన్నెన్ని రోళ్ళో. ఒక్కోదాని పక్కన కాళ్ళు ఊనే చోట రాయి నునుపుతేలి మెరుస్తోంది. నేను అక్కడ నిలబడ్డాను. నా పాదాలు సరిగ్గా సరిపోయాయి. ఉలి వేస్తే నిప్పురవ్వలు లేచే రాయి, కొయ్య రోకలి పోట్లకు మోచేతి లోతు అరగాలంటే ఎంతమంది దంచి ఉండాలి, ఎన్ని తరాలు దంచి ఉండాలి? అమ్మ దంచిన చోట కూతురు, అత్త దంచిన చోట కోడలు. చంకలో బిడ్డతో ఒకామె, నెలలు నిండి ఒకామె, ఏడుపు దిగమింగుకుంటూ ఒకామె. దండు తిని, యుద్ధానికి పోయి, గెలిచో ఓడో పేరు తెచ్చుకుంది. కోట గోడలు కూలిపోయాయి. ఈ రోళ్ళు మాత్రం చెక్కుచెదరలేదు. వీళ్ళ పని ఇంత పెద్దదా అని నేను ఒక్కో రోటిలో చెయ్యి పెట్టుకుంటూ పోయాను. ఇంత పని ఆడమనిషి చేసి ఉంటుందని ఎవరికీ అనిపించలేదు, దాన్ని భీముడి ఖాతాలో వేశారు. నేనూ వేశాను. ఇన్నేళ్ళూ దణ్ణం పెట్టి మరీ వేశాను.

"ఏమ్మే, పూనకం గాని వచ్చిందా?" అంది మా అత్త.

"అత్తా, ఒక్కసారి సెయ్యి పెట్టి సూడు."

"అపచారం!"

"నా మీద ఒట్టు. ఒక్కసారి."

గొణుక్కుంటూ వంగింది. డెబ్బై ఏళ్ళ చెయ్యి, గాజులతో సహా లోపలికి పోయింది. గొణుగుడు ఆగిపోయింది. అడుగు తడిమింది, అంచు తడిమింది, మళ్ళీ అడుగు తడిమింది. తలెత్తినప్పుడు మా అత్త కళ్ళలో నీళ్ళున్నాయి. ఆమె కంట నీళ్ళు నేనెప్పుడూ చూడలేదు.

"నా రోలు మాదిరే ఉండాది గదే," అంది. చెయ్యి బయటికి తీసి, "భీముడు యాడన్నా దంచినాడా? మనోళ్ళే," అంది.

ఆ ఏడు కూడా గుంటల్లో నీళ్ళు పోశాం. హొన్నమ్మ, నాగక్క ఒక్కో రోటి దగ్గర ఆగి, చెయ్యి పెట్టి చూసి మరీ పోశారు. దప్పిక ఎవరిదైతేనేం, తీరాల్సిందే కదా.

సంతనాడు పొద్దున మా అత్త, నేను ఎదురెదురుగా కూర్చుని కాయలు ఒలుస్తున్నాం. మా ఆయన సంచి పట్టుకుని వచ్చాడు. నేను గైడు తీసి చేతికిచ్చాను.

"ఇది సన్నది గదే!"

"ఊ. అదే తిరిగిచ్చెయ్. మాకి లావుది కావాల."

"తిక్క గాని పట్టిందా? ఇదైతే పాసు గ్యారంటీ. ఆ లావుది సదివి తప్పితే?"

ఆ బోరు బండి చప్పుడు చెవిలో వినిపించింది. నేను జవాబు చెప్పే లోపలే మా అత్త తలెత్తకుండా కాయ చిట్లించింది.

"తప్పితే ఇంగోసారి కట్టిస్తాం. నా మనవరాలు యాడికీ పోదు."

మా ఆయన వాళ్ళమ్మ వైపు చూశాడు, నా వైపు చూశాడు. ఇంట్లో ఏదో జరిగింది, అదేంటో ఆయనకు అంతుబట్టలేదు. కాసేపు మీసం సవరించుకుని, "సరే. పరీక్షకి దరఖాస్తులు తేవల్ల. పేర్లు సెప్పు," అని జేబులోంచి పెన్ను తీశాడు.

"హొన్నమ్మ," అన్నాను. రాసుకున్నాడు. "నాగక్క." రాసుకున్నాడు.

"భాగీరథమ్మ."

పెన్ను ఆగింది. "భాగీరథమ్మా? ఆయమ్మ ఎవురు?"

మా అత్త చేతిలో కాయలు చేటలో పెట్టింది.

"నీ పెండ్లామేరా," అంది.