ముప్పై ఒకటో ప్రశ్న

ఈశ్వరప్ప గడ్డపార మొనతో తలపైని రాతిని తట్టి, చెవి ఒగ్గి విన్నాడు. ఖంగుమంది. ఒక అడుగు జరిగి మళ్లీ తట్టాడు. ఖంగుమంది. మూడోచోట మాత్రం పగిలిన కుండను తట్టినట్టు శబ్దం చచ్చుగా వచ్చింది. అతను చటుక్కున వెనక్కి జరిగి, టోపీకున్న దీపాన్ని అటు తిప్పాడు.

"నంజుండన్నా, ఈడ డొల్లగా ఉండాది."

నంజుండప్ప భుజం మీది దుంగను దించి వచ్చాడు. ఇంకో రెండేళ్లలో రిటైరు కావలసిన మనిషి. బంగారు గనిలో విరిగి పడేలా ఉన్న రాతికి కింద దుంగలు నిలబెట్టడమే వాళ్లిద్దరి పని. ఆయన కూడా ఒకసారి తట్టి చూసి తల ఊపాడు.

"మూడు దుంగలు పడతాయి. దానికెందుకప్పా అంత చెమట?"

"ఉడుకన్నా."

"ఉడుకు నాకూ ఉండాది."

ఏడువేల అడుగుల లోతున ఉడుకు అందరికీ ఒకటే. ఈశ్వరప్పకు పట్టే చెమట వేరు. పంతొమ్మిదేళ్ల కిందట, రాతిదుమ్ముతో రొమ్ము గట్టిపడి తండ్రి మంచం పట్టినప్పుడు అతను ఈ పనిలో చేరాడు. చేరిన మూడో నెలలో పక్క సొరంగంలో పైబరువుకు రాయి దానంతటదే పేలింది. దీపం ఆరిపోయి, రెండు గంటలు చీకట్లో కూర్చున్నాడు. రాళ్లకు అవతల ఎవరో నీళ్లు అడుగుతూ ఉన్నారు. కాసేపటికి అడగడం మానేశారు. ఆనాటి నుంచి పొద్దున్నే, గనిలోకి దించే కేజు తలుపు పడిన చప్పుడు వింటే అతని మోకాళ్లలో పట్టు ఉండదు. ముఖం ఎందుకలా పాలిపోతుందని భార్య మునిలక్ష్మమ్మ అడిగితే కడుపునొప్పి అన్నాడు. పంతొమ్మిదేళ్లుగా లేని కడుపునొప్పికి జీలకర్ర కషాయం తాగుతున్నాడు.

గని కేంద్ర సర్కారు చేతికి వచ్చిన పన్నెండో ఏట ఆఫీసు గోడమీద ఒక నోటీసు అంటించారు. లోపల పనిచేసే వాళ్లలో మెట్రిక్ పాసైనవాళ్లు పరీక్ష రాసి గుమాస్తాలు కావచ్చు. రెండే పోస్టులు. పరీక్షలో యాభై ఇంగ్లీషు వాక్యాలు ఇస్తారు. ఒక్కో వాక్యాన్ని ఎ, బి, సి, డి అని నాలుగు ముక్కలు చేసి, తప్పు ఏ ముక్కలో ఉందో గుర్తు పెట్టమంటారు. నోటీసు చదివిన ఈశ్వరప్పకు వాక్యాలు కనబడలేదు. కిటికీ పక్కన ఒక కుర్చీ కనబడింది.

రాబర్ట్‌సన్‌పేటలో బట్టలకొట్టు మేడమీద ఉండే అంబుజమ్మ బడిలో ఇంగ్లీషు చెప్పి రిటైరైన మనిషి. అయిదు నెలలపాటు సాయంత్రాలు ఆమె దగ్గర కూర్చున్నాడు. మెట్రిక్‌లో ఇంగ్లీషు మూడోసారికి గట్టెక్కినవాడు. మొదట్లో ప్రతి వాక్యమూ సరిగ్గానే ఉన్నట్టు కనిపించేది. విసిగిపోయి ఆమె ఒకరోజు, "కండ్లతో చూడొద్దప్పా, నోటితో చదువు" అంది. అతను చదివాడు. "ఈచ్ ఆఫ్ ద వర్కర్స్ హ్యావ్ ఎ ల్యాంప్." హ్యావ్ దగ్గర ఆగిపోయాడు.

"ఈడ డొల్లగా ఉండాదమ్మా."

ఆమె కళ్లద్దాలు తీసి తుడుచుకునేదాకా నవ్వింది. ఆ తర్వాత అతను చెవితో తప్పు పట్టే తీరుకు ఆమె ఎప్పుడూ అడ్డు చెప్పలేదు.

లోపల సంగటి తినేటప్పుడు ఆ వాక్యాలే నంజుండప్పకు చదివి వినిపించేవాడు. సంతకం కూడా రాని నంజుండప్ప శ్రద్ధగా వినేవాడు.

"యాడ తప్పు?"

"ఈచ్ అంటే ఒగొక్కరు. ఒగరికి హ్యావ్ రాదన్నా, హ్యాజ్ రావాల."

"అంతమంది ఉన్నా ఒగరేనా?"

"ఒగరే."

నంజుండప్ప నమిలి మింగి, "సరిగ్గా చెప్పినారు. లోపలికి దిగితే ఎవురికి వాళ్లే" అన్నాడు.

ఇవాళే పరీక్ష. ఒంటిగంటకు. షిఫ్టు ముగిసేది రెండింటికి. మనుషులు తక్కువున్నారని సెలవివ్వలేదు. పదకొండు గంటలకు రెండో దుంగ నిలబెట్టాక నంజుండప్ప అతని చేతిలోంచి గడ్డపార లాక్కున్నాడు.

"ఇంగ నువ్వు పో. మేస్త్రీకి చెప్పినాను. ఒగ దుంగే కదా, నేను పెట్టుకుంటా."

ఎక్కడో లోపల రాయి టిక్కుమంది. కాసేపాగి మళ్లీ టిక్కుమంది. ఈశ్వరప్ప కదల్లేదు.

"అది మాట్లాడుతుండాదన్నా. నువ్వూ రా."

"దినామూ మాట్లాడేదే. నీకు భయం, అందుకే గట్టిగా వినిపిస్తుంది."

ఈశ్వరప్ప ఉలిక్కిపడ్డాడు. "నీకు తెలుసునా?"

"ఇన్నేండ్లు పక్కన ఉండాను, తెలీదా? పో అప్పా. పైన కూచుని రాసుకో."

అతను వెళ్లాడు. మలుపు దగ్గర వెనక్కి తిరిగి చూస్తే దీపం ఒక్కటే కనిపించింది, మనిషి కనిపించలేదు. కేజు పైకి లేస్తుంటే ఒళ్లంతా తేలికైంది. ఆ తేలికదనానికి సిగ్గు వేసి, పక్కవాడు చూస్తాడేమోనని తల దించుకున్నాడు.

పరీక్ష హాల్లో నలభైమంది దాకా ఉన్నారు. అందరి తలలూ తడిగా, నూనె రాసుకుని ఉన్నాయి. ఈశ్వరప్ప పెదవులు కదుపుతూ ఒక్కో వాక్యాన్నీ చదివి, చచ్చుగా పలికిన చోట గుర్తు పెడుతూ పోయాడు. ముప్పై దాకా ఎక్కడా తడుముకోలేదు. ముప్పై ఒకటో వాక్యం: "మై ఫ్రెండ్ ఈజ్ వర్కింగ్ హియర్ ఫర్ మెనీ ఇయర్స్." నా స్నేహితుడు ఎన్నో ఏళ్లుగా ఇక్కడ పనిచేస్తున్నాడు. ఈజ్ వర్కింగ్ అనే చోటే తప్పు. అది బి ముక్క.

పెన్సిలు అతని వేళ్లమధ్య వణికింది. తన చెయ్యే అనుకున్నాడు. అంతలో బల్ల వణికింది. కాళ్లకింద నేల ఒక్కసారి ఎగదన్ని, కిటికీ అద్దాలన్నీ గలగలమన్నాయి. ఆ తర్వాతే, చాలా లోతునుంచి, చప్పుడు వచ్చింది.

నలభై తలలు ఒక్కసారి పైకి లేచాయి. అదేమిటని ఎవరూ అడగలేదు. ఏ షాఫ్టు, ఏ గనిబావి అన్నదొక్కటే ఆ ఊళ్లో ప్రశ్న. బెంగళూరు నుంచి వచ్చిన కుర్ర ఆఫీసరు మాత్రం తెల్లబోయిన ముఖంతో, "రాయండి, రాయండి" అన్నాడు. బయట సైరన్ అందుకుంది. అది మోగుతున్న దిక్కు ఈశ్వరప్పకు తెలుసు.

ముందు బల్లమీది ఇద్దరు లేచి వెళ్లిపోయారు. అతనూ లేవబోయాడు. కూర్చుండిపోయాడు. మళ్లీ కాగితం వైపు చూశాడు. మొదలుపెట్టిన పని ఇంకా చేస్తూ ఉంటేనే హ్యాజ్ బీన్ వర్కింగ్ అనాలప్పా, మానేసినవాడికి అది రాదు అని అంబుజమ్మ చెప్పిన మాట చెవిలో వినిపించింది. ఇంకా చేస్తూ ఉంటేనే. పెన్సిలు బి మీద పెట్టి నొక్కాడు. ములుకు విరిగేదాకా నొక్కాడు.

తర్వాత బల్ల పట్టుకుని లేచాడు. ఇంకా పంతొమ్మిది వాక్యాలు మిగిలే ఉన్నాయి.

షాఫ్టు దగ్గర లోపలికి దిగేవాళ్లను పోగుచేస్తున్నారు. "ఆ చోటు నాకు తెలుసు. పదకొండు దాకా ఆడే ఉండాను" అన్నాడు ఈశ్వరప్ప. ఎవరో చేతికి టోపీ ఇచ్చారు. కేజు తలుపు పడింది. ఎప్పటిలాగే మోకాళ్లు వణికాయి. వణుకుతూనే దిగాడు.

అయిదు గంటలకు నంజుండప్పను పైకి తెచ్చారు. మూడో దుంగ నిలబెట్టే ఉంది, పైకప్పు చెక్కుచెదరలేదు. రాయి పక్కగోడలోంచి పేలింది. అటు ఇద్దరిలో ఎవరూ తట్టి చూడలేదు.

గేటు దగ్గర ఆడవాళ్ల మధ్య నిలుచున్న నంజుండప్ప భార్య మారమ్మ అతన్ని పట్టుకుని అడిగింది.

"కడకు ఏమన్నాడప్పా?"

"పైన కూచుని రాసుకోమన్నాడు వదినా."

"రాసినావా?"

"సగం రాసినాను" అని, అతను ముఖం తిప్పుకున్నాడు.

నెల తర్వాత వచ్చిన జాబితాలో అతని పేరు లేదు. ఇంకో జతగాడితో మళ్లీ లోపలికే దిగాడు. అంబుజమ్మ ఎవరినో అడిగి, రాసిన ముప్పై ఒకటీ సరిగ్గానే ఉన్నాయని కనుక్కుని చెప్పింది. అతను సరేనమ్మా అన్నాడు, అంతే.

రాయి పేలిన ఆనాటి సాయంత్రం, శవం వెంట అందరూ కదిలాక, నంజుండన్న సైకిలు ఇంటికి చేర్చాలని ఈశ్వరప్ప స్టాండుకు వెళ్లాడు. మొదటి షిఫ్టు వాళ్ల సైకిళ్లన్నీ పోయి అది ఒక్కటే మిగిలింది. వెనక క్యారియర్‌కు, ఇంటి ముందర నాటాలని అన్న రాయల్పాడు నుంచి తెప్పించిన అంటుమామిడి మొక్క తాడుతో కట్టి ఉంది. వేళ్ల చుట్టూ చుట్టిన గోనె ఇంకా తడిగానే ఉంది.